దసరాకు వైజాగ్: వారం రోజులు ఎలా ప్లాన్ చేసుకోవాలి?



సెలవులు అయ్యాక మొదటి రోజు నేను మా క్లాసు చేత 'మై వెకేషన్' అని ఒక పేజీ రాయిస్తాను. వైజాగ్ వెళ్లొచ్చిన పిల్లలు ప్రతిసారీ నలుగురైదుగురు ఉంటారు. వాళ్ల పేజీల్లో ఎక్కువగా కనిపించేవి మూడే: బీచ్, హోటల్, ఘాట్ రోడ్డులో వాంతి. తప్పు పిల్లలది కాదు. రెండు రోజుల్లో పది చోట్లు తిప్పితే వాళ్లకు గుర్తుండేది కారు సీటే. వారం రోజులు పెట్టగలిగితే మాత్రం వైజాగ్ లాంటి ఊరు ఇంకోటి మనకు దగ్గర్లో లేదు. సముద్రం, కొండలు, గుహలు, బౌద్ధారామాలు, జలాంతర్గామి అన్నీ ఒకే చోట దొరుకుతాయి.

ముందు టికెట్ల సంగతి. రైల్వే అడ్వాన్స్ బుకింగ్ ఇదివరకటిలా 120 రోజుల ముందు కాదు. 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే అక్టోబరు ప్రయాణానికి ఆగస్టులోనే కూర్చోవాలి. చిన్నపిల్లలు, అమ్మమ్మ తాతయ్యలు ఉంటే రాత్రి రైలు మేలు. నిద్రపోతూ వెళ్తారు, హోటల్ ఖర్చు ఒక రాత్రి తగ్గుతుంది.

ఏ రోజు దిగాలన్నది చాలామంది పట్టించుకోరు. కిందటేడు నేనూ పట్టించుకోలేదు. అమ్మానాన్నలతో, అక్కా బావలతో, వాళ్ల పిల్లలిద్దరితో సోమవారం పొద్దున దిగి, మధ్యాహ్నం నేరుగా సబ్‌మెరైన్ మ్యూజియానికి వెళ్లాం. గేటుకు తాళం. సోమవారం సెలవట. జూ పార్కుకు కూడా సోమవారమే సెలవు. రైలెక్కిన దగ్గర్నుంచి సబ్‌మెరైన్ అంటూ కలవరించిన మా అక్క కొడుకు అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. టీచర్ని అయ్యుండి ముందుగా టైమింగ్స్ చూసుకోలేదని మా అక్క ఇప్పటికీ అంటుంది.

అందుకే నా సలహా: ఆదివారం పొద్దున దిగండి. ఆ రోజు విశ్రాంతి, సాయంత్రం బీచ్ రోడ్డులో నడక, ముంత కింద పప్పు, అంతే. సోమవారం పొద్దున్నే సింహాచలం, సాయంత్రం కైలాసగిరి పెట్టుకోండి. సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలోనే ఉంటారు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు మాత్రమే. ఈ మాట పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్లు చూసే చూపు వేరుగా ఉంటుంది. కైలాసగిరి మీద రోప్‌వే, టాయ్ ట్రైన్ ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్ల మోకాళ్లకు ఇబ్బంది లేదు.

మంగళవారం సబ్‌మెరైన్. ఐఎన్ఎస్ కురుసుర 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. 2002 నుంచి ఆర్కే బీచ్ పక్కన ఇసుక మీద మ్యూజియంగా ఉంది. పొడవు సుమారు 91 మీటర్లు. అంత పొడవున్నా లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాలి. దాదాపు 75 మంది అందులో రోజుల తరబడి ఉండేవారు. పిల్లల్ని ఆ పడకల దగ్గర ఒక నిమిషం నిలబెట్టండి. మన ఇంట్లో ఎవరి గది ఎవరిదన్న గొడవ కొన్నాళ్లు తగ్గుతుంది. రోడ్డుకు అవతలే టీయూ-142 విమానం ఉంది. 2017 వరకు నౌకాదళంలో పనిచేసిన పెద్ద నిఘా విమానం అది. రెండూ ఒకే పూటలో అవుతాయి. మామూలు రోజుల్లో సబ్‌మెరైన్ మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కాబట్టి పొద్దుట పూట పాత ఊరు వైపు వెళ్లిరండి. హార్బర్ దగ్గర పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి.

బుధవారం అరకు. వారాంతంలో వెళ్తే జనాన్ని చూసి రావడమే. పొద్దున కిరండూల్ ప్యాసింజర్‌లో వెళ్లండి, విస్టాడోమ్ కోచ్‌కు ముందే రిజర్వేషన్ చేయించుకోండి. సొరంగాలు లెక్కపెట్టే పని పిల్లలకు అప్పజెబితే ఫోన్ అడగరు. రాత్రి అక్కడే ఉండి గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు నిదానంగా చూసి, గురువారం రోడ్డు మీదుగా బొర్రా గుహలు చూసుకుంటూ దిగండి. బొర్రాలో మెట్లు ఎక్కువ, తడిగా జారుతుంటాయి. మా అమ్మ సగంలో ఆగిపోయింది, నాన్న తోడుగా కూర్చున్నారు. పెద్దవాళ్లను బలవంతం చేయకండి.

బొర్రాలో ఒక విషయం పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఆ సున్నపురాతి గుహలను తొలిచిన నీళ్లు గోస్తనీ నదివి. ఆ నదే కొండలు దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శనివారం భీమిలి రోడ్డు పట్టినప్పుడు అదే నది చివర చూపించవచ్చు. సోషల్ పుస్తకంలో నాలుగు పేజీల పాఠం ఇక్కడ కళ్ల ముందే అయిపోతుంది. దారిలో తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలుచుకున్న తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, పేరు వాటి వల్లే వచ్చింది.

శుక్రవారం ఖాళీగా ఉంచమనడానికి కారణం ఉంది. అక్టోబరు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వైజాగ్‌ను తాకింది అక్టోబరు 12నే. వాన పడితే ఒక ప్రోగ్రాం శుక్రవారానికి జరుపుకోవచ్చు, లేకపోతే పిల్లలు నిద్రపోతారు. హోటల్ బుక్ చేసేటప్పుడు క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చేది చూసుకోండి, వంద రెండొందలు ఎక్కువైనా సరే.

ఇక సముద్రం. ఆదివారం సాయంత్రమే చెప్పాల్సిన మాట ఇది, కానీ విడిగా చెప్పాలనుకున్నాను. కిందటేడు మా అక్క కూతురు మోకాలి లోతు నీళ్లలోనే ఉంది. వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకను లాగేసింది, పాప పడిపోయింది. మా బావ ఆ సమయంలో పక్కనే ఉండి వీడియో తీస్తున్నారు. ఫోన్ వదిలేసి జుట్టు పట్టుకుని లాగారు. పాప లేచి నవ్వింది. మేమెవరం నవ్వలేకపోయాం. ఆర్కే బీచ్‌లో ఒడ్డు నుంచి లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. అలలు విరుగుతున్న చోట్ల మధ్యలో ప్రశాంతంగా కనిపించే నీళ్లు భద్రమైనవని అనుకుంటాం, చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. అందులో చిక్కినవాళ్లు ఒడ్డుకు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదిలి, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఒక్కో పిల్లకు ఒక పెద్దవాళ్లు, చేయి పట్టుకుని, చేతిలో ఫోన్ లేకుండా. ఫొటోలు తీసేవాళ్లు ఒడ్డు మీద వేరే ఉండాలి. ఎర్ర జెండా ఉన్నా, లైఫ్‌గార్డు ఈల వేసినా బయటికి వచ్చేయడమే. ఎంత దూరం నుంచి వచ్చామో ఆయనకు చెప్పి లాభం లేదు.

శనివారం రాత్రి రైలు ఎక్కితే ఆదివారం ఇంట్లో ఉంటారు. సోమవారం స్కూలు తెరిచేనాటికి యూనిఫాం ఉతకడానికి ఒక రోజు మిగులుతుంది. పేజీ రాయించడానికి నేను సిద్ధంగా ఉంటాను.