శిక్షణ అందింది... పెత్తనం అందలేదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల:

ధాన్యంలో తేమ 17 శాతం మించితే కాంటా పెట్టరు. ఈ మాట రైతు ముఖాన చెప్పాల్సింది చాలా ఊళ్లలో అధికారి కాదు. ఆ ఊరి మహిళా సంఘం సభ్యురాలే. కోతల కాలంలో ఐకేపీ కొనుగోలు కేంద్రంలో తేమ యంత్రం పట్టేదీ, గోనె సంచులు లెక్కపెట్టేదీ, లారీ కోసం కబురంపేదీ ఆమే. తరుగు ఎక్కువ తీశారని కోపం వస్తే రైతు నిలదీసేదీ ఆమెనే. పొదుపు కోసం మొదలైన సంఘం ఆమెను ఊరి వ్యవహారం నడిబొడ్డుకు తెచ్చింది. అయితే ఊరి నిర్ణయాల్లో ఆమె మాట ఎంతవరకు చెల్లుతోంది?

పుస్తకంతో మొదలైన చదువు

1982లో ద్వాక్రా పథకం, 1992లో నాబార్డు 500 సంఘాలతో చేపట్టిన బ్యాంకు రుణాల ప్రయోగం ఈ సంఘాలకు పునాది. 2000లో సెర్ప్ ఏర్పడ్డాక సంఘాలు గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా ఎదిగాయి. పట్టణాల కోసం 2007లో మెప్మా వచ్చింది.

సంఘంలో 10 నుంచి 15 మంది ఉంటారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాయిదా, లెక్కల పుస్తకం... ఈ పంచసూత్రాలే మొదటి పాఠం. పైకి ఇది డబ్బు లెక్క. లోపల ఉన్నది సభ నడిపే చదువు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు వినాలి. తీర్మానం చదివి వినిపించాకే సంతకం చేయాలి. అప్పు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది అందరి ఎదుటే తేలాలి. జాతీయ జీవనోపాధుల మిషన్ వచ్చాక సూత్రాలు పదయ్యాయి. పంచాయతీ వ్యవహారాల్లో పాల్గొనడం వాటిలో ఒకటి.

ఈ అలవాటు సంఘం గడప దాటి బయటికీ వచ్చింది. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు పల్లెల్లో గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనర్. బడిలో తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతుల పనులు ఈ కమిటీల చేతికి వచ్చాయి.

సభలు కొత్త కాదు

ఈ గడ్డకు సభలు కొత్త కాదు. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగో ఆంధ్ర మహాసభ సిరిసిల్లలోనే జరిగింది. 1978లో విద్యార్థులు ఊరూరా తిరిగాక, సెప్టెంబరు 7న రైతు కూలీలు జగిత్యాలకు జైత్రయాత్రగా తరలివచ్చారు. ఆనాటి దారి వేరు, ఈనాటి దారి వేరు. ఊరి పెద్దరికం ఎవరిదన్న ప్రశ్న మాత్రం అదే.

కుర్చీ ఆమెది, మాట ఎవరిది?

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. అయినా సర్పంచి భార్య అయితే సమావేశంలో భర్త మాట్లాడే అలవాటు పూర్తిగా పోలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటోంది. కానీ ఈ ప్రాంతంలో ఎన్నో ఊళ్ల పంచాయితీలు తేలేది గ్రామసభలో కాదు, చట్టంలో ఎక్కడా లేని గ్రామాభివృద్ధి కమిటీల్లో. కులానికి ఒకరిద్దరు చొప్పున మగవారే కూర్చునే ఆ అరుగు మీద సమాఖ్య అధ్యక్షురాలికి సాధారణంగా చోటుండదు. తీర్మానం రాయడం నేర్చిన ఆమె చేతికి అక్కడ పుస్తకమే అందదు.

పట్టణాల్లోనూ ఇదే చిక్కు. 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు వేయమంది. కమిటీకి 15 మంది. అయితే కాగితం మీద పేరు ఉండటం వేరు, మురుగు కాలువ గురించి అడిగితే జవాబు రావడం వేరు.

రోజు కూలీ సంగతి

మరో అడ్డంకి పొట్టకూటిది. కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే మహిళలకు కూలీ వెయ్యి బీడీల లెక్కన. సిరిసిల్లలో కండెలు చుట్టేవారికీ చేసిన పనిని బట్టే కూలీ. శిక్షణకు ఒక రోజు పోతే ఆ రోజు చాట ఖాళీ. అందుకే ఇంట్లో కాస్త వెసులుబాటు ఉన్నవారే మళ్లీ మళ్లీ శిక్షణకు వెళతారు, వారే ఏళ్ల తరబడి నాయకురాళ్లుగా ఉంటారు. నిరుపేద సభ్యురాలు వాయిదా కట్టి ఇంటికి పోతుంది. నాయకత్వం పెంచాల్సిన శిక్షణ కొద్దిమందికే పరిమితమయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

చేయాల్సినవి

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. శిక్షణకు వచ్చే బీడీ కార్మికురాలికి ఆనాటి కూలీ కట్టివ్వాలి. లేదంటే సాయంత్రం పూట, వాడకట్టులోనే తరగతి పెట్టాలి. సంఘం పదవులు గడువు ప్రకారం చేతులు మారాలి. పంచాయతీ ప్రణాళిక కోసం సంఘాలు తయారుచేసే పేదరిక నిర్మూలన ప్రణాళికను గ్రామసభలో సమాఖ్య అధ్యక్షురాలే చదవాలి. ఏ పని ఒప్పుకున్నారో, ఏది ఎందుకు కాదన్నారో తీర్మానాల పుస్తకంలో రాయాలి.

తేమ యంత్రం చూపిన అంకెను ఊరంతటి ఎదుటా చెప్పగలిగిన మనిషికి, పంచాయతీ ఖర్చుల అంకెలు అడగడం కష్టమేమీ కాదు. అడిగినప్పుడు జవాబిచ్చే సభ ఆమెకు కావాలి.