రాత్రిపూట తిమ్మిరెక్కే చేతులు

మన సొసైటీ ద్వారా దాతలు చేసే సాయంలో కుట్టుమిషన్లకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. భర్తను పోగొట్టుకున్న సోదరికో, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లకో ఒక మిషన్ ఇస్తే సొంత కష్టం మీద నిలబడుతుందన్న నమ్మకంతో మీరు ఇస్తున్నారు. ఆ నమ్మకం సరైనదే. అయితే మిషన్‌ను నడిపేది చెయ్యి. చెయ్యి మొరాయిస్తే మిషన్ మూలన పడుతుంది, లేదా అమ్ముడైపోతుంది. అందుకే ఈ సంచికలో చేతి నరాల గురించి కొంత వివరంగా రాస్తున్నాము.

హైదరాబాదు పాతబస్తీలో జర్దోజీ, మగ్గం వర్క్ చేసేవారు, లాడ్ బజారు దుకాణాలకు లక్క గాజులు చేసిచ్చేవారు, నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టేవారు, వీరిలో మన సోదరీమణులు చాలామంది ఉన్నారు. పనులు వేరైనా చెయ్యి పడే శ్రమ ఒకటే. మణికట్టు వంచి, బొటనవేలిని చూపుడువేలిని బిగించి, గంటల తరబడి అదే కదలిక. బీడీకి కూలి వెయ్యికి ఇంత అని లెక్క. తునికాకు కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, కొనలు మడవడం, దారం కట్టడం, ఇదంతా ఒక్క బీడీకి. ఆ కూలి చేతికి రావాలంటే ఇదే వరుస వెయ్యిసార్లు.

మణికట్టు లోపలి వైపు ఒక ఇరుకు సందు ఉంటుంది. అడుగున, పక్కలా చిన్న చిన్న ఎముకలు, పైన పట్టీలాంటి గట్టి పొర. దీన్ని డాక్టర్లు కార్పల్ టనెల్ అంటారు. వేళ్లను ముడిచే తాళ్లవంటి స్నాయువులు 9, వాటితోపాటు మీడియన్ అనే నరం ఒకటి ఆ సందులోంచే అరచేతిలోకి వెళతాయి. స్నాయువుల చుట్టూ ఉన్న పొర వాచినా, ఒంట్లో నీరు చేరినా సందు మాత్రం పెరగదు. అందులో అన్నిటికన్నా మెత్తనిది నరం కాబట్టి నలిగేది అదే. ఈ జబ్బునే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు.

అందరికీ పని వల్లే వస్తుందని చెప్పలేము. షుగర్, థైరాయిడ్ లోపం, కీళ్లవాతం ఉన్నవారికి, గర్భిణులకు, బరువు ఎక్కువగా ఉన్నవారికి ఇది తొందరగా వస్తుంది. మగవారిలో కన్నా ఆడవారిలో ఎక్కువ. గర్భిణులకు వచ్చినది చాలావరకు కాన్పు తర్వాత తగ్గిపోతుంది.

గుర్తుపట్టడం అంత కష్టం కాదు. అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. లేచి చెయ్యి విదిలిస్తే కాస్త నెమ్మదిస్తుంది. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకోవడం దీనికి కారణం. తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం వరకే ఉంటుంది. చిటికెనవేలికి ఈ నరంతో సంబంధం లేదు. కొన్నాళ్లకు సూది పట్టు జారుతుంది, వుజూ చేసేటప్పుడు లోటా చేతిలో నిలవదు, సజ్దాలో అరచేతుల మీద బరువు మోపితే వేళ్లు జివ్వుమంటాయి. రెండు చేతుల వెనుక వైపులను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉండేలా మణికట్లు వంచి ఒక్క నిమిషం ఉంచితే తిమ్మిరి మొదలవుతుందా అని డాక్టర్లు చూస్తారు. జార్జ్ ఫాలెన్ అనే అమెరికా సర్జన్ పేరు మీద వచ్చిన పరీక్ష ఇది. దీనితోనే తేలిపోదు గాని, అనుమానించడానికి పనికొస్తుంది.

మన బస్తీలలో దీనికి పెట్టిన పేరు నరాల బలహీనత. ఆ పేరు చెప్పగానే బలానికి సూదులు వేస్తారు. బి12 విటమిన్ తక్కువైనవారికి ఆ సూది మంచి మందే. కాని ఎన్ని సూదులు వేసినా ఇరుకు సందు వెడల్పు కాదు. డబ్బు పోయినా ఫర్వాలేదనుకోవచ్చు, అసలు నష్టం కాలం. నరం ఎక్కువ కాలం నలిగితే బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ కరిగి చదునైపోతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గవచ్చు, కరిగిన కండ, పోయిన పట్టు పూర్తిగా తిరిగి వస్తాయన్న భరోసా లేదు. స్పర్శ తగ్గిన వేళ్లకు వేడి పెనం, కాగిన లక్క తగిలినా వెంటనే తెలియదు. బొబ్బ చూశాకే తెలుస్తుంది.

మొదట్లోనే వస్తే వైద్యం తేలిక. మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్‌ను కొన్ని వారాలపాటు రాత్రిపూట కట్టుకోవాలి. పనిలో మధ్యమధ్య చేతికి విశ్రాంతి ఇవ్వాలి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. దీనికి లొంగకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. నరం ఎంత దెబ్బతిన్నదో నర్వ్ కండక్షన్ పరీక్షలో తెలుస్తుంది. అవసరమైతే ఆ పట్టీని కోసి నరానికి చోటు కల్పిస్తారు. మొత్తం మత్తు అక్కర్లేదు, చేతివరకు ఇస్తే చాలు. చాలామంది అదే రోజు ఇంటికి వెళతారు.

ఆపరేషన్ చిన్నదే అయినా సోదరీమణులు ఎందుకు వెనకాడతారు? ఆసుపత్రి ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఉస్మానియా, గాంధీ వంటి సర్కారీ ఆసుపత్రులు ఉండనే ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత బరువు పనులకు కొన్ని వారాలు దూరంగా ఉండాలి. రోజు కూలి మీద నడిచే ఇంట్లో ఆ వారాలు పొయ్యి ఎలా వెలుగుతుంది? ఏ ఆసుపత్రీ ఇవ్వనిది ఆ నెల సరుకులే. పెద్ద ఆపరేషన్లకు లక్షలు పోగు చేయడం మనకు అలవాటు. ఒక నెల రేషన్‌తో ఒక చెయ్యి దక్కుతుందన్న లెక్క మాత్రం అంతగా తట్టదు. అర్హులైన నిరుపేదలకు జకాత్ సొమ్ముతోనే రేషన్ అందించవచ్చు. ఆసుపత్రికి నేరుగా కట్టే విషయంలో సందేహముంటే ఉలమాలను అడిగి నడుచుకుందాము.

చిటికెనవేలు వైపు మొద్దుబారితే సంగతి వేరు. అది మోచేతి దగ్గర తగిలే అల్నార్ నరం. అక్కడ అది నలగవచ్చు, లేదా కుష్ఠు వల్ల దెబ్బతినవచ్చు. కుష్ఠు పేరెత్తితేనే దాచే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. సంబంధాలు తప్పిపోతాయని భయం. ఆ దాపరికంలోనే వేళ్లు వంకర తిరుగుతాయి. వేళ్లు కుష్ఠు వల్ల కుళ్లి రాలిపోవని, స్పర్శ లేక తగిలే దెబ్బలు, కాలడం, పుండ్ల వల్లే పోతున్నాయని తమిళనాడులోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్ చాటిచెప్పారు. వంకరపోయిన వేళ్లను స్నాయువులు మార్చి కుట్టి మళ్లీ పనిలోకి తెచ్చారు. ఈ రోజు కుష్ఠు మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నరం దెబ్బతిన్న 6 నెలల లోపు స్టెరాయిడ్ వైద్యం మొదలైతే కోలుకునే అవకాశం ఎక్కువ. చర్మం మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకండి.

గాజు పెంకో, కత్తో తగిలి మణికట్టు కోసుకుపోయినప్పుడు పైన చర్మం మాత్రమే కుట్టించుకుని వచ్చేస్తుంటారు. వేళ్లు మొద్దుబారినా, ముడుచుకోకపోయినా లోపల నరమో, స్నాయువో తెగి ఉండవచ్చు. వెంటనే ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కలిపి కుట్టిన నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే మణికట్టు నుంచి వేలి కొసకు చేరడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఫిజియోథెరపీ మానకూడదు. ఆటో ఛార్జీలు లేక మధ్యలో మానేసేవారున్నారు. ఆ రానూపోనూ ఖర్చు కూడా సాయమే.

ఇకపై కుట్టుమిషన్ దరఖాస్తు తీసుకునేటప్పుడు మేము రెండు ప్రశ్నలు అదనంగా అడగదలిచాము. రాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? ఏయే వేళ్లు? స్ప్లింట్లు కొనివ్వదలిచిన దాతలు ముందుగా ఆఫీసులో అడిగి కొలతలు తీసుకోండి. కుడి, ఎడమ వేరు, సైజులూ వేరు. బిగుతుగా ఉన్నది కడితే నరం మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.