ఎనిమిది రోజుల తర్వాత నలభై ఏళ్లు

రాకేశ్ శర్మ అనగానే మన పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఒకే ఒక్క సన్నివేశం. 1984 ఏప్రిల్. ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు. ఆ ఇంటి వాకిలి దాకా జనం. అంతరిక్షం నుంచి మన దేశం ఎలా కనిపిస్తోందని ప్రధాని ఇందిరాగాంధీ అడిగారు. బళ్లో రోజూ పాడుకున్న ఇక్బాల్ గీతంలోని మాటలతోనే ఆయన జవాబిచ్చారు. దేశం పులకించిపోయింది. నలభై ఏళ్లు దాటినా ఆ మాట దగ్గరే ఆగిపోయాం. ఆ కుర్రాడు తర్వాత ఏం చేశాడు, ఎక్కడున్నాడు, ఇల్లూ పిల్లలూ ఏమయ్యారు అని అడిగినవాళ్లు తక్కువ.

ఆయన అంతరిక్షంలో గడిపింది 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు. దానికి ముందు పద్నాలుగేళ్ల యుద్ధ పైలట్ జీవితం ఉంది. తర్వాత టెస్ట్ పైలట్‌గా, భర్తగా, తండ్రిగా గడిపిన దశాబ్దాలున్నాయి. నా మటుకు నాకు ఆయన గొప్పతనం ఈ రెండో భాగంలోనే ఎక్కువ కనిపిస్తుంది.

పుట్టింది 1949 జనవరి 13న, పంజాబ్‌లోని పటియాలాలో. పెరిగింది మాత్రం మన హైదరాబాద్‌లో. అబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, తర్వాత నిజాం కాలేజీలో చదివారు. 1961లో యూరీ గగారిన్ భూమిని చుట్టొచ్చిన నాటికి రాకేశ్‌కు పన్నెండేళ్లు. అబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగా రోజూ వెళ్లే మనలో ఎంతమందికి తెలుసు, దేశపు తొలి వ్యోమగామి చదువుకున్న బడీ కాలేజీ ఆ దారిలోనే ఉన్నాయని?

1966లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరి, 1970లో వైమానికదళంలో పైలట్ అయ్యారు. మరుసటి ఏడే బంగ్లాదేశ్ యుద్ధం. ఇరవై రెండేళ్ల వయసులో మిగ్-21 మీద 21 సార్లు యుద్ధానికి వెళ్లొచ్చారు. ఆ తర్వాత టెస్ట్ పైలట్ అయ్యారు.

1982లో సోవియట్ యూనియన్‌తో కలిసి చేసే యాత్రకు వైమానికదళం మనుషుల్ని వెతికింది. జల్లెడ పట్టగా చివరికి మిగిలింది ఇద్దరు: రవీశ్ మల్హోత్రా, రాకేశ్ శర్మ. ఇరుకు గదిలో ఉక్కిరిబిక్కిరి అయ్యే లక్షణం ఉందేమో తేల్చడానికి బెంగళూరులో శర్మను 72 గంటలు ఒక గదిలో పెట్టి తలుపేశారు. ఇద్దరూ మాస్కో దగ్గరి స్టార్ సిటీకి వెళ్లి రష్యన్ నేర్చుకున్నారు. పాఠాలూ పరీక్షలూ అన్నీ ఆ భాషలోనే మరి. మల్హోత్రా కూడా సరిసమానంగా శిక్షణ పొంది, ప్రయాణం రోజున నేల మీదే ఉండిపోయారు. ఆ పేరును కూడా మనం మరిచిపోకూడదు.

రాకేశ్ భార్య మధు కూడా ఆ చలిదేశంలో సంసారం పెట్టారు. భర్త యుద్ధానికి వెళ్తాడని తెలిసి ఫైటర్ పైలట్‌ను పెళ్లాడటం ఒక ఎత్తు. రాకెట్ కొసన కూర్చుని వెళ్తాడని తెలిసి పక్కన నిలబడటం మరో ఎత్తు. ఈ దంపతులు ఒక కూతుర్ని చిన్న వయసులోనే పోగొట్టుకున్నారు. పతకాల జాబితాల్లో ఈ సంగతి కనిపించదు. కానీ ఆ ఇంటి కథ చెబుతూ దీన్ని దాటేసి వెళ్లడం నాకు న్యాయమనిపించలేదు.

1984 ఏప్రిల్ 3న బైకనూర్ నుంచి సోయుజ్ టి-11 ఎగిరింది. కమాండర్ యూరీ మాలిషెవ్, ఇంజినీరు గెన్నాదీ స్ట్రెకలోవ్, వాళ్లతో స్క్వాడ్రన్ లీడర్ శర్మ. శాల్యూట్-7 అంతరిక్ష కేంద్రంలో అప్పటికే ముగ్గురున్నారు. ఈ ముగ్గురూ చేరడంతో ఆరుగురయ్యారు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల తయారుచేసిన మన తిండిని వాళ్లతో పంచుకున్నారు. పై నుంచి మన దేశపు నేలనూ నీటినీ అడవుల్నీ ఫొటోలు తీశారు. బరువు తెలియని చోట శరీరానికి యోగా ఏమైనా మేలు చేస్తుందా అన్నది మరో ప్రయోగం. వినడానికి తేలికే కానీ, నిలబడదామంటే కాలికింద నేల ఆనదు, ఏ ఆసనం వేయబోయినా మనిషి తేలిపోతాడు. అందుకని ఒంటిని కిందికి పట్టి ఉంచేలా పట్టీలు కట్టుకుని ఆసనాలు వేశారు. ఏప్రిల్ 11న కజక్‌స్థాన్ నేల మీద దిగారు.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. ఇక్కడ అశోక చక్ర, అక్కడ సోవియట్ యూనియన్ హీరో బిరుదు. ఊరేగింపులు, సన్మానాలు, ఆటోగ్రాఫుల కోసం మీదపడే జనం. పైన దేవుడు కనిపించాడా అని అడిగేవారట. కనిపించలేదని ఆయన నిజమే చెప్పేవారు. చంద్రుడి మీదికి వెళ్లొచ్చిన అంకుల్ అని పిల్లలకు చూపించే తల్లులూ ఉండేవారట. ముప్పై అయిదేళ్లకే అంత పేరు వస్తే దాన్నే వృత్తిగా చేసుకుని బతికేయవచ్చు. ఆయన మళ్లీ విమానం ఎక్కారు.

1987లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో చేరి, నాసిక్‌లో చీఫ్ టెస్ట్ పైలట్‌గా పనిచేశారు. ఈ పని గురించి కాస్త చెప్పుకోవాలి. కర్మాగారం నుంచి బయటికొచ్చిన యుద్ధవిమానాన్ని వైమానికదళానికి అప్పగించే ముందు ఎవరో ఒకరు గాల్లోకి తీసుకెళ్లి, దాని హద్దులు చూసి రావాలి. ఎంత వేగం తట్టుకుంటుంది, ఎంత నెమ్మదిస్తే రెక్కలు గాలిపట్టు కోల్పోతాయి, చక్రాలు సరిగా దిగుతున్నాయా, ఏ మీటర్ ఏం చూపిస్తోంది? తొడకు కట్టుకున్న ప్యాడ్ మీద ఒక్కో అంకె రాసుకుంటూ పోవాలి. అక్కడ చప్పట్లుండవు. టీవీ కెమెరాలుండవు. తాను సంతకం పెట్టిన విమానంలో రేపు ఇంకో ఇంటి కొడుకు కూర్చుంటాడన్న బాధ్యత ఉంటుంది. నాసిక్ దగ్గర ఒకసారి మిగ్-21ను పరీక్షిస్తూ త్రుటిలో ప్రాణాలతో బయటపడ్డారు. అప్పటికే ప్రపంచమెరిగిన మనిషి. అయినా మానలేదు. 1992లో బెంగళూరుకు మారారు. తేలికపాటి యుద్ధవిమానం తేజస్ రూపుదిద్దుకునే పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. 2001లో, యాభై రెండేళ్ల వయసులో, టెస్ట్ పైలట్ పని ఆపేశారు.

ఆ తర్వాత కాపురం నీలగిరుల్లోని కూనూరుకు మారింది. పక్కనే వెల్లింగ్టన్‌లో డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ ఉండటంతో ఆ కొండల్లో రిటైరైన సైనికాధికారులు చాలామందే స్థిరపడ్డారు. శర్మ దంపతుల ఇంటికి ఏటవాలు కప్పులు, వాననీటిని పట్టుకునే ఏర్పాటు, ఎండతో కాగే నీళ్లు. ఆయనకు గోల్ఫ్, పుస్తకాలు, తోటపని, వంట. కొడుకు సినిమా దర్శకుడు, కూతురు మీడియా కళాకారిణి. తండ్రి వెళ్లిన దారిలోనే పిల్లలూ నడవాలనే పట్టుదల ఆ ఇంట్లో లేదని ఇది చూస్తే అర్థమవుతుంది. పిల్లల మెడలో తమ పేరును వేలాడదీసే ప్రసిద్ధుల్ని చూస్తున్న మనకు ఈ ఒక్క విషయం చాలు, ఆయన ఎలాంటి తండ్రో తెలియడానికి.

నేను మరీ గౌరవించేది ఇంకొకటుంది. ఆయనకు మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు తన గురించి తక్కువ, భూమి గురించి ఎక్కువ మాట్లాడతారు. ఉన్నది ఈ ఒక్క గ్రహమే, దాన్ని పాడుచేసి, ఇక్కడి తగాదాల్ని అంతరిక్షానికీ మోసుకెళ్లొద్దంటారు. యుద్ధంలో 21 సార్లు విమానం నడిపి వచ్చిన మనిషి నోట ఈ మాట వింటే దాని బరువే వేరు.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా ఆక్సియం-4 యాత్రలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లే దాకా, అంటే 41 ఏళ్లపాటు, అంతరిక్షానికి వెళ్లొచ్చిన భారత పౌరుడు శర్మ ఒక్కరే. మన దేశమే సొంతంగా మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురిలో శుక్లా ఒకరు. మిగిలిన ముగ్గురు ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్. నలుగురూ వైమానికదళ టెస్ట్ పైలట్లే. గగన్‌యాన్ సలహా మండలిలో శర్మకు చోటిచ్చి ఇస్రో మంచి పని చేసింది. రాకెట్ సంగతులు చెప్పేవాళ్లు మనకు ఇప్పుడు కొదవ లేదు. తిరిగొచ్చిన తర్వాత పేరు నెత్తికెక్కకుండా డ్యూటీకి ఎలా వెళ్లాలో, ఇంటిని ఎలా కాపాడుకోవాలో ఆ కుర్రాళ్లకు చెప్పాలంటే మాత్రం కూనూరు దంపతులనే అడగాలి. ఇద్దర్నీ కలిపి అడగాలి.