ఊరు నిలబెట్టిన జట్టు: డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీ కథ

ఒక చిన్న సంస్థ పదేళ్లు, ఇరవై ఏళ్లు ఎలా నిలబడుతుంది? సొంత రాష్ట్రానికి దూరంగా సంఘాలు, గ్రంథాలయాలు, బడులు నడుపుకుంటున్న మనందరికీ ఇది తెలిసిన ప్రశ్నే. డబ్బున్న పెద్దమనిషి ఒకరు అండగా ఉంటే చాలా? లేక ఇంటింటి నుంచీ కొంచెం కొంచెం రావాలా? ఈ ప్రశ్నకు ఈసారి అమెరికాలోని ఒక ఫుట్‌బాల్ జట్టు కథలో జవాబు వెతుకుదాం.

అమెరికన్లు సాకర్ అని పిలిచే ఈ ఆటకు అక్కడ ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది. ఇంగ్లండులో కింది లీగ్‌లో గెలిచిన జట్టు పై లీగ్‌కు వెళుతుంది, పైన ఓడినది కిందికి దిగుతుంది. అమెరికాలో ఇప్పటిదాకా ఆ పద్ధతి లేదు. పై మెట్టు మేజర్ లీగ్ సాకర్. అందులో చేరాలంటే ఆట గెలిస్తే చాలదు, ప్రవేశ రుసుం కట్టాలి. 2017 నాటికే అది 15 కోట్ల డాలర్లు. ఆ తర్వాత వచ్చిన శాన్ డియేగో జట్టు యజమానులు కట్టింది 50 కోట్ల డాలర్లు.

కింది మెట్లకూ షరతులున్నాయి. రెండో డివిజన్ వృత్తి జట్టుకు కనీసం 5,000 సీట్ల మైదానం ఉండాలి. కనీసం 35 శాతం వాటా ఒక ముఖ్య యజమాని చేతిలో ఉండాలి. ఆయన ఆస్తి 2 కోట్ల డాలర్లకు తగ్గకూడదు. అంటే అభిమానులంతా కలిసి సమానంగా జట్టును సొంతం చేసుకోవాలన్నా నిబంధనలు ఒప్పుకోవు. ధనవంతుడు ఒకరు తప్పనిసరి.

ధనవంతుడి మీదే ఆధారపడితే ఏమవుతుందో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ రైనోస్ చూపించింది. 1999లో యూఎస్ ఓపెన్ కప్‌లో ఈ రెండో డివిజన్ జట్టు నాలుగు మేజర్ లీగ్ జట్లను వరసగా ఓడించి కప్పు ఎత్తుకుంది. మేజర్ లీగ్ మొదలైన 1996 నుంచి ఆ కప్పు గెలిచిన కింది డివిజన్ జట్టు అదొక్కటే. 2006లో సొంత మైదానం కూడా కట్టుకుంది. కానీ యజమానులు మారుతూ పోయారు, డబ్బు కరువైంది. 2017 తర్వాత ఆట ఆపేసింది. 2022లో ఇంగ్లండు ఆటగాడు జేమీ వార్డీ భాగస్వామిగా, కొత్త పేరుతో మళ్లీ వచ్చి ఒక్క సీజన్ ఆడింది. 2023లో పూర్తిగా మూతపడింది. కప్పు ఉంది, మైదానం ఉంది, జట్టు మాత్రం లేదు.

ఇప్పుడు డెట్రాయిట్‌కు వద్దాం.

కార్ల ఫ్యాక్టరీల నగరం అది. 1950లో అక్కడ 18 లక్షలకు పైగా జనం ఉండేవారు. 2010కి 7 లక్షల చిల్లర మిగిలారు. 2013లో నగరపాలక సంస్థే దివాలా ప్రకటించింది. దానికి ఏడాది ముందు, 2012లో, అయిదుగురు స్నేహితులు డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీ మొదలుపెట్టారు. వాళ్లలో ఒకరైన షాన్ మాన్ 2010 నుంచే పేటకొక జట్టు చొప్పున ఒక స్థానిక లీగ్ నడుపుతున్నారు. ఆ పేటల ఆటలోంచే ఈ జట్టు పుట్టింది. ఆడేది వృత్తి ఆటగాళ్లు కాని నాలుగో మెట్టు లీగ్‌లో, మైదానం కాస్ టెక్ హైస్కూల్‌ది. అయినా డప్పులు, పాటలు, రంగు పొగలతో జనం నిండిపోయారు. నార్తర్న్ గార్డ్ అనే అభిమానుల బృందం మొదటి ఏడాది నుంచే వెన్నంటి ఉంది.

కొన్నేళ్లకు బడి మైదానం చాలలేదు. హామ్‌ట్రామిక్‌లోని కీవర్త్ స్టేడియం మీద వాళ్ల కన్ను పడింది.

హామ్‌ట్రామిక్ గురించి మన పాఠకులకు కొంచెం ఎక్కువే చెప్పాలి. దాదాపు చుట్టూ డెట్రాయిటే ఉండగా మధ్యలో ఉన్న అయిదున్నర చదరపు కిలోమీటర్ల చిన్న పట్టణం అది. డాడ్జ్ కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చిన పోలండు వాళ్లతో నిండింది. 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక యెమెన్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు ఎక్కువగా చేరారు. బెంగాలీ మాట్లాడేవారి సంఖ్య చట్టం చెప్పిన హద్దు దాటడంతో అక్కడి ఎన్నికల్లో ఓటు పత్రాలు బెంగాలీలోనూ ఇవ్వాలని 2011లో నిర్ణయమైంది. భాషా అల్పసంఖ్యాకులకు ఆ మాట విలువేమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు.

కీవర్త్ ఆ పట్టణ బడుల ఆస్తి. 1930ల ఆర్థిక మాంద్యంలో పని లేనివారికి పని కల్పించే పథకం కింద కట్టారు. 1936లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వచ్చి ప్రారంభించారు. ఎనభై ఏళ్లకు మెట్లు పాడయ్యాయి. బాగుచేయాలంటే లక్షల డాలర్లు కావాలి.

జట్టు బ్యాంకుల చుట్టూ తిరగకుండా తన జనాన్నే అడిగింది. చిన్న మొత్తాలు సామాన్యుల నుంచి పెట్టుబడిగా తీసుకోవడానికి మిషిగన్ రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. దాని కింద 527 మంది కలిసి 7,41,250 డాలర్లు పెట్టారు. ఇది చందా కాదు. జట్టు రాబడిలోంచి వడ్డీతో తిరిగి ఇస్తామన్న ఒప్పందం. 2016 మేలో కీవర్త్‌లో జరిగిన మొదటి ఆటకు ఏడు వేల మందికి పైగా వచ్చారు. బడి పిల్లలకు బాగుపడిన మైదానం దక్కింది, జట్టుకు ఇల్లు దొరికింది.

అదే ఏడాది పెద్ద పరీక్ష కూడా ఎదురైంది. డాన్ గిల్బర్ట్, టామ్ గోర్స్ అనే ఇద్దరు కోటీశ్వరులు డెట్రాయిట్‌కు మేజర్ లీగ్ జట్టు తెస్తామని ముందుకొచ్చారు. పైనుంచి దిగే జట్టు తమ జట్టును మింగేస్తుందని అభిమానులు చాలామంది వ్యతిరేకించారు. చివరి నాలుగు నగరాల దాకా వెళ్లిన ఆ ప్రయత్నం ఫలించలేదు. చిన్న జట్టు తన దారిన తాను నడిచింది.

2020లో అది వృత్తి లీగ్‌లో చేరింది. అదే ఏడాది మహిళల జట్టునూ ప్రకటించింది. కోవిడ్‌తో టికెట్ల రాబడి పోయిన ఆ వేసవిలోనే 10 శాతం వాటాను అభిమానులకు అమ్మకానికి పెట్టింది. రెండున్నర వేల మందికి పైగా కొన్నారు. సుమారు 14 లక్షల డాలర్లు వచ్చాయి. 2021లో తన లీగ్‌లో ఛాంపియన్ అయి, 2022లో రెండో డివిజన్ అయిన యూఎస్ఎల్ ఛాంపియన్‌షిప్‌లోకి వెళ్లింది. ఆ ఏప్రిల్‌లోనే ఓపెన్ కప్‌లో మేజర్ లీగ్ జట్టు కొలంబస్ క్రూను కీవర్త్‌లో 2-1తో ఓడించింది. ఆ కొలంబస్ 2020లో దేశ ఛాంపియన్.

10 శాతం వాటాతో అభిమానులు యజమానులైపోలేదన్నది నిజమే. నిర్ణయాలు ఇప్పటికీ పెద్ద వాటాదార్లవే. కానీ వేలమంది డబ్బు ఇరుక్కున్న జట్టును ఒక్కరు రాత్రికి రాత్రి మూసేయడం, మరో ఊరికి తరలించడం అంత తేలిక కాదు. రోచెస్టర్‌కు లేనిది, డెట్రాయిట్‌కు ఉన్నది అదే.

ఇప్పుడు మళ్లీ పరీక్ష. డెట్రాయిట్‌లోని కార్క్‌టౌన్ పేట దగ్గర, మూతపడిన ఒక పాత ఆసుపత్రి స్థలంలో, సుమారు 15,000 సీట్ల కొత్త స్టేడియం కట్టాలని జట్టు పథకం వేసింది. మొదటి డివిజన్‌కు కావలసిన కనీస సీట్లూ 15,000లే. 2025 మార్చిలో యూఎస్ఎల్ యజమానులు తమ లీగుల్లో గెలిచినవారు పైకి, ఓడినవారు కిందికి వెళ్లే పద్ధతికి ఓటు వేశారు. అంటే తలుపు మొదటిసారి తెరుచుకుంటోంది.

ఎదగాలంటే కీవర్త్‌ను వదలాలి. 527 మంది తమ డబ్బుతో బాగుచేసుకున్న మెట్లు అవి. పెద్ద భవనంలోకి మారాక కూడా ఆ జనం జట్టుతో ఉంటారా అన్నదే అసలు ప్రశ్న. సంఘ భవనం పెద్దదై, వచ్చేవారు తగ్గిపోయిన అనుభవం మనలో కొందరికైనా ఉంటుంది. భవనం కట్టడానికి పెద్ద వాటాదార్లు చాలు. దాన్ని నిండుగా ఉంచాల్సింది మాత్రం, తలా కొంచెం వేసిన ఆ చిన్న వాటాదార్లే.