చేతి కండరముల విద్యుత్తును కంప్యూటరు ఎట్లు లెక్కించును?

చిరాగ్‌పల్లి చేలలో చెఱకు నఱకువాని పిడికిలి బిగియుటకు ముందే, వెన్నుపాము పంపిన ఆజ్ఞ నందుకొని కండరతంతువులలోనికి సోడియము అయానులు దూఁకఁగా, సుమారు ఋణ 90 మిల్లీవోల్టులుగా నున్న విద్యుత్పీడనము క్షణకాలము తలక్రిందులై, సెకనుకు ఇంచుమించు 4 మీటర్ల వేగమున తంతువు పొడవునను తరంగమై పరుగిడును. వ్రేళ్లను ముడుచు పెద్ద కండరములు అఱచేతిలోఁ గాక ముంజేతిలో నుండుట వింతయే. నమ్మనివారు పిడికిలి బిగించి ముంజేతిని తడవి చూడుఁడు.

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను శాస్త్రజ్ఞులు స్క్విడ్ అను సముద్రజీవి నాడిని పరిశీలించి 1952లో ప్రకటించిన సమీకరణముల అడుగుజాడలలో, కంప్యూటరు ఒక్కొక్క తంతువు విద్యుత్తును గణించి, పైనున్న కొవ్వును చర్మమును దానిని ఎంత బలహీనపఱచునో చూచి, వేలకొలది సంకేతములను కూడును. ఆ మొత్తమును చర్మముపై నంటించిన ఎలక్ట్రోడులు చూపు గీతతో సరిపోల్చినఁగాని ఈ కంప్యూటరు నమూనా నమ్మఁదగినది కాదు. చేయి కోల్పోయినవాని సంకల్పమును కృత్రిమహస్తమునకుఁ దెలుపుటలో ఈ గణనము తోడ్పడుచున్నది.