బడి నుంచి కబురు

ఇంటర్మీడియట్ స్కూలు అన్న మాట వినగానే మనవాళ్ళకి ఎంపీసీ, బైపీసీ, ఎంసెట్ కోచింగూ గుర్తుకొస్తాయి. మా అబ్బాయి ఇంటర్మీడియట్ స్కూల్లో చేరాడని గుంటూరుకి ఫోను చేసి చెబితే మా అత్తగారు "పదేళ్ళకే ఇంటరా? ఏ గ్రూపమ్మా?" అని అడిగారు. అందరం నవ్వుకున్నాం గానీ ఆవిడ సందేహంలో తప్పేమీ లేదు. అసలు ఈ దేశంలోనే ఆ మాటకి ఒక్క అర్థం లేదు. మేముండే న్యూజెర్సీలో ఒక ఊళ్ళో నాలుగు, అయిదు తరగతులను అలా పిలుస్తారు. పక్క ఊళ్ళో అయిదు, ఆరు. ఇంకోచోట ఆరు నుంచి ఎనిమిది దాకా. న్యూయార్కు నగరంలో ఐ.ఎస్. అని పెట్టి పక్కన నంబరు వేసే బళ్ళన్నీ ఈ కోవలోవే. మొత్తానికి ఎలిమెంటరీ స్కూలుకి పెద్దవాడై, హైస్కూలుకి ఇంకా చిన్నవాడిగా ఉన్న పిల్లవాడిని ఉంచే చోటు అనుకుంటే సరిపోతుంది.

ఆ వయసులో ఒక చిత్రం జరుగుతుంది. నిన్నమొన్నటి దాకా బస్సు దిగినప్పటి నుంచి పడుకునే దాకా ఎవడు ఎవడిని తోశాడో, టీచరు ఏ రంగు చీటీ ఇచ్చిందో ఊపిరి తిప్పుకోకుండా చెప్పిన పిల్లవాడు ఒక సెప్టెంబరు నుంచి నోరు కట్టేసుకుంటాడు. "స్కూలు ఎలా ఉందిరా?" అంటే "ఫైన్." "ఏం చెప్పారు?" అంటే "నథింగ్." సరిగ్గా అదే సమయంలో ఒక్క టీచరు స్థానంలో అయిదారుగురు టీచర్లు వస్తారు. ఏడాది పొడుగునా మనకి పేరు తెలిసిన ఆ ఒక్క మనిషీ ఉండదు. అంటే కబురు వచ్చే రెండు దారులూ ఒక్కసారే మూసుకుపోతాయన్నమాట. చిన్నపిల్లల డాక్టరుగా రోజూ ఈ ఈడు పిల్లల్నీ, వాళ్ళ తల్లిదండ్రుల్నీ చూస్తూ ఉంటాను కనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు ఈ సంచికలో రాస్తే ఎవరికైనా పనికొస్తుందేమోనని ఈ ప్రయత్నం.

మా చిన్నప్పుడు తెనాలిలో ఈ బాధ లేదు. మా లెక్కల మాస్టారు సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద మా నాన్నగారికి కనిపించేవారు. నేను ఇంటికి చేరేలోపే నా మార్కులు చేరేవి. బడి ఎగ్గొడితే సోడాబండి అతను కూడా ఇంట్లో చెప్పేవాడు. అప్పట్లో అది మాకు పెద్ద అన్యాయంగా తోచేది.

ఇక్కడ సోడాబండి బదులు ఈమెయిలు ఉంది. కబురు తక్కువై కాదు, ఎక్కువైపోయి మనకి అందడం లేదు. జెనిసిస్ అనో పవర్ స్కూల్ అనో ఒక పోర్టల్, బస్సుకి వేరే యాప్, శుక్రవారం ప్రిన్సిపాలు పంపే ఉత్తరం, పీటీఏ వారి పిజ్జా అమ్మకం, మంచు పడితే తెల్లవారుఝామున అయిదింటికి రికార్డు చేసిన ఫోను. వీటన్నిటి మధ్యలో అసలు చదవవలసినది ఎక్కడో మునిగిపోతుంది. నా మటుకు నేను మిగతావి చదివినా చదవకపోయినా శుక్రవారం ఉత్తరం మాత్రం వదలను. ఏ రోజు ఏ డ్రిల్లు జరిగిందీ, బస్సు రూటు ఎందుకు మారిందీ, కొత్త కౌన్సిలరు ఎవరన్నదీ అందులోనే ఉంటాయి.

డ్రిల్లుల సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. న్యూజెర్సీ చట్టం ప్రకారం బడి నడిచే ప్రతి నెలలోనూ ఒక ఫైర్ డ్రిల్లు, ఒక సెక్యూరిటీ డ్రిల్లు తప్పనిసరి. సెక్యూరిటీ డ్రిల్లు జరిగిన రోజున, బడి ముగిసేలోపల తల్లిదండ్రులకి రాతపూర్వకంగా తెలియజేయాలని 2022 జనవరిలో సంతకమైన చట్టం చెబుతోంది. ఇది డ్రిల్లే సుమా అని పిల్లలకి స్పష్టంగా చెప్పాలని కూడా అందులో ఉంది. అంతకు ముందు కొన్ని బళ్ళలో నిజమో నాటకమో తెలియక పిల్లలు వణికిపోయేవారు. డ్రిల్లు జరిగిన రాత్రి నిద్రపట్టలేదనీ, కడుపునొప్పి అనీ నా దగ్గరికి తీసుకొచ్చిన పిల్లలు ఉన్నారు. అమ్మకి ఆ రోజు డ్రిల్లు జరిగిందని తెలిస్తే ఆ కడుపునొప్పికి ఎక్స్‌రే అక్కర్లేదు. పక్కన కూర్చుని మాట్లాడితే చాలు.

ఇక అసలైన మాటలు అయిదు ఉన్నాయి. కొలరాడోలో ప్లాట్ కాన్యన్ హైస్కూల్లో 2006లో ఒక దుండగుడి చేతిలో ఎమిలీ కీస్ అనే అమ్మాయి చనిపోయింది. ఆమె తల్లిదండ్రులు ఒక ఫౌండేషను పెట్టి, ఏ ప్రమాదానికి ఏ మాట వాడాలో దేశంలో ఏ బడిలోనైనా ఒకేలా ఉండాలని 2009లో ఒక పద్ధతి తయారుచేశారు. ఇప్పుడు వేల బళ్ళలో అదే నడుస్తోంది. మా జిల్లాలోనూ అదే. హోల్డ్ అంటే ఎక్కడి గదిలో వాళ్ళు అక్కడే ఉండాలి, వరండాల్లోకి రాకూడదు. ఒక పిల్లవాడు కళ్ళు తిరిగి పడిపోతే, స్ట్రెచరుకి దారి ఇవ్వడానికి కూడా హోల్డ్ పెడతారు. సెక్యూర్ అంటే ప్రమాదం బడి బయట ఎక్కడో ఉంది. బయటి తలుపులు తాళాలు వేస్తారు, లోపల పాఠాలు మామూలుగా జరుగుతూనే ఉంటాయి. లాక్‌డౌన్ అంటే ప్రమాదం లోపలే ఉంది, లేదా ఉందేమోనని భయం. తలుపులు వేసి, దీపాలు ఆర్పి, కనపడకుండా, చప్పుడు చేయకుండా కూర్చోవాలి. ఇవాక్యుయేట్ అంటే బయటికి వెళ్ళిపోవడం. షెల్టర్ అంటే సుడిగాలి లాంటిది వస్తే తలదాచుకోవడం.

సెక్యూర్‌కీ లాక్‌డౌన్‌కీ తేడా తెలియకపోతే ఏమవుతుందో మా ఊళ్ళో చూశాం. 2022 మే 24న టెక్సస్‌లో యువాల్డీ అనే ఊళ్ళో రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు హతమయ్యారు. ఆ తరువాత రెండు వారాలు తిరక్కముందే ఒక ఉదయం పదకొండు గంటల వేళ మా అబ్బాయి బడి నుంచి సందేశం వచ్చింది. దగ్గర్లో పోలీసులు ఎవరినో వెదుకుతున్నారు, బడి సెక్యూర్‌లో ఉంది, పిల్లలు క్షేమంగా ఉన్నారు అని మూడు ముక్కలు. నేను క్లినిక్కులో ఉన్నాను. చదివి, ఊపిరి పీల్చుకుని, తరువాతి పేషెంటుని పిలిచాను. పది నిమిషాల్లో మన తెలుగు వారి వాట్సాప్ గ్రూపులో అరవై సందేశాలు. మొదటిదానిలో "లాక్‌డౌన్ అట" అని ఉంది. ఆరోదానికి తుపాకీ వచ్చింది. ఇరవయ్యోదానికి అది పేలింది కూడా. పుకారుకి కాళ్ళు లేకపోయినా పరుగుకి లోటు లేదు.

మా వీధిలోనే ఉండే ఒక ఇంజనీరుగారి తండ్రి ఆ వేసవికి రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. రిటైరైన తెలుగు పండితులు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. కొడుకూ కోడలూ ఆఫీసుల్లో ఉన్నారు. గ్రూపులో ఆ మాటలు చూసి ఆయన పంచె మీద కోటు తొడుక్కుని, మైలు దూరం నడిచి బడికి వెళ్ళారు. ముందు తలుపు తెరుచుకోలేదు. అంచేత పక్క తలుపు లాగి చూశారు. అదీ రాలేదు. వెనక్కి వెళ్ళి కిటికీలోంచి తొంగి చూశారు. ఎవరినో వెదుకుతున్న పోలీసులు ఉన్న ఊళ్ళో, తాళాలు వేసిన బడి చుట్టూ ఒక అపరిచితుడు తలుపులు లాగుతూ తిరగడం అంటే ఏమిటో ఆలోచించండి. వచ్చిన పోలీసు కుర్రవాడు నిదానస్థుడు కాబట్టి బతికిపోయాం. చేతులు కనపడేలా ఉంచమన్నాడట. ఆయనకి ఆ యాస అర్థం కాక కోటు జేబులోంచి మనవడి ఫోటో తీయబోయారట. ఈ ముక్క విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పటికీ జలదరిస్తుంది. పోలీసులు వెదుకుతున్నవాడు ఏదో దుకాణంలో దొంగతనం చేసి పరుగెత్తినవాడు, మధ్యాహ్నానికి దొరికాడు. లోపల పిల్లలు భిన్నాల లెక్కలు చేసుకుంటున్నారు.

ఆ సాయంత్రం కొడుకు కొంచెం కేకలేశాడు. బాబాయిగారు నాతో నెమ్మదిగా అన్న మాట ఇది: "అందరి ఫోన్లకీ బడి నుంచి కబురొచ్చిందట. నా ఫోనుకి రాలేదమ్మా. ఇంట్లో ఉండేవాడిని నేనొక్కడినే కదా. పిల్లవాడిని ఒక్కసారి చూసి వచ్చేద్దామనుకున్నాను."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బడి కబురు ఆఫీసులో మీటింగులో ఉన్న ఇద్దరికి వెళుతుంది. పగలంతా ఇంట్లో ఉండి, మధ్యాహ్నం బస్సు దగ్గర నిలబడి, పిల్లవాడికి అన్నం పెట్టే తాతగారికీ, అమ్మమ్మగారికీ వెళ్ళదు. మరునాడు ఆఫీసులో సెక్రటరీగారిని అడిగితే, మా జిల్లాలో మూడో నంబరు, నాలుగో నంబరు కూడా చేర్చవచ్చని చెప్పారు. అడిగేదాకా ఎవరికీ తెలియదు. వారం తరువాత బాబాయిగారు ఒక కాగితం రాసి తెచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. హోల్డ్: ఉన్నచోటే. సెక్యూర్: బయట భయం. లాక్‌డౌన్: లోపల భయం. ఇవాక్యుయేట్: బయటికి పదండి. షెల్టర్: తలదాచుకోండి. కింద ఎర్ర సిరాతో "మనం మాత్రం కదలకూడదు" అని. ఆ కాగితానికి జిరాక్సులు తీసి మా చుట్టుపక్కల పదకొండు ఇళ్ళ ఫ్రిజ్‌ల మీద అంటించాం.

కదలకూడదన్నది నిజంగా ముఖ్యం. లాక్‌డౌన్‌లో మనం కార్లు వేసుకుని వెళితే అంబులెన్సుకి దారి ఉండదు. పిల్లవాడి ఫోనుకి చేస్తే చీకటి గదిలో అది మోగుతుంది. నిజంగా ప్రమాదం జరిగితే పిల్లల్ని వేరే చోటికి చేర్చి, ఎక్కడికి రావాలో తల్లిదండ్రులకి చెబుతారు. అక్కడ ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించి, కాగితం నింపితే పిల్లవాడిని మన దగ్గరికి తీసుకొస్తారు.

ఇక్కడ మన పేర్ల బెడద ఒకటి వస్తుంది. బడి రికార్డులో తాతగారి పేరు వాడుక పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. కొందరికి ఇంటిపేరు స్థానంలో ఏమీ ఉండదు. అమ్మ పేరు పెళ్ళికి ముందుది ఒకచోట, తరువాతది ఒకచోట. మామూలు రోజుల్లో సెక్రటరీగారు నవ్వి వదిలేస్తారు. కంగారులో ఉన్న రోజున అక్షరం తేడా వచ్చినా పిల్లవాడిని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కాబట్టి అత్యవసరానికి ఇచ్చే పేర్లను పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే రాయించండి.

నర్సుగారి గది గురించి నాకు చాలానే ఉంది, రెండు మాటలతో సరిపెడతాను. ఆరో తరగతిలో చేరేటప్పుడు ఈ రాష్ట్రంలో టీడాప్, మెనింజైటిస్ టీకాలు అడుగుతారు. ఆగస్టు చివరి వారంలో నా క్లినిక్కు ముందు వరసలో నిలబడకుండా జూన్‌లోనే వేయించండి. పిల్లల సంచీలో క్రోసిన్, హోమియో మాత్రలు, అమృతాంజనం పెట్టి పంపకండి. మందు ఏదైనా డాక్టరు కాగితంతో నర్సు దగ్గరే ఉండాలి. ఉబ్బసం ఇన్‌హేలరు, ఎపిపెన్ మాత్రం డాక్టరూ, తల్లిదండ్రులూ రాసిస్తే పిల్లవాడే దగ్గర ఉంచుకోవచ్చు.

కబురు బడి నుంచి మనకే కాదు, మన నుంచి బడికి కూడా వెళ్ళాలి. మనవాళ్ళు వెనకాడేది ఇక్కడే. పదకొండేళ్ళ అమ్మాయి ఒకామెను కడుపునొప్పితో మూడుసార్లు తీసుకొచ్చారు. శనాదివారాల్లో నొప్పి లేదు. బస్సులో ఇద్దరు పిల్లలు ఆమె డబ్బాలోని పులిహోర వాసననీ, అమ్మ పెట్టుకునే బొట్టునీ వెక్కిరిస్తున్నారని చాలాసేపటికి బయటపడింది. తల్లి వెంటనే "ఎందుకొచ్చిన గొడవండీ, మన పిల్ల మీదే కక్ష కడతారు" అంది. న్యూజెర్సీలో 2011 నుంచి అమలులో ఉన్న వేధింపుల నిరోధక చట్టం చాలా గట్టిది. ప్రతి బడిలోనూ దీనికోసం ఒక మనిషి ఉండాలి. ఫిర్యాదు వస్తే ప్రిన్సిపాలు ఒక్క పనిదినంలో విచారణ మొదలుపెట్టించాలి, పది పనిదినాల్లో అది ముగియాలి. ఫలితం బోర్డుకి చేరిన అయిదు పనిదినాల్లో రెండు పక్షాల తల్లిదండ్రులకీ సమాచారం ఇవ్వాలి. మతం, జాతి, పూర్వీకుల దేశం పేరుతో చేసే ఎగతాళి సూటిగా ఇందులోకి వస్తుంది. చివరికి ఆ తల్లి ఉత్తరం రాసింది. బస్సులో సీట్లు మారాయి, కౌన్సిలరు వారానికోసారి పిలిచి మాట్లాడింది. నొప్పి తగ్గింది.

ఆ తల్లికి ఒక అసంతృప్తి మిగిలింది. ఆ ఇద్దరికీ ఏం శిక్ష వేశారో ఎంత అడిగినా వివరాలు చెప్పలేదని. అది బడివారు దాచడం కాదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం ఒక పిల్లవాడి రికార్డు ఇంకొకరి తల్లిదండ్రులకి చూపించకూడదు. అదే చట్టం మన పిల్లవాడి రికార్డు చూసే హక్కు మనకి ఇస్తుంది. రాసి అడిగితే 45 రోజుల్లోపల చూపించాలి. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులైతే దుబాసీని అడగండి. ఫోనులో తెలుగు దుబాసీని పెట్టే జిల్లాలు ఉన్నాయి. పిల్లవాడినే దుబాసీగా కూర్చోబెడితే వాడికి నచ్చినంతే మనకి తెలుస్తుంది!

ఇవన్నీ నిర్ణయమయ్యేది స్కూలు బోర్డు సమావేశాల్లో. గార్డును పెట్టాలా, బస్సులో కెమెరా ఉండాలా, ఏ యాప్ కొనాలా అన్నవి అక్కడే తేలుతాయి. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, లేచి మాట్లాడవచ్చు. మా ఊళ్ళో మన పిల్లలు తరగతికి అరడజను మంది తక్కువ కాకుండా ఉన్నారు. నేను కిందటిసారి వెళ్ళినప్పుడు ఆ హాల్లో మనవాళ్ళం ముగ్గురం ఉన్నాం. అందులో ఒకరు మళ్ళీ వేసవికి వచ్చిన బాబాయిగారు.