ఏంజెల్ ఫిష్ ఎదగడం లేదా? మేత కంటే ముందు నీళ్లు చూడండి

ఫ్లాట్‌లో కుక్కపిల్ల కావాలని పిల్లలు పేచీ పెడితే చాలామంది చివరికి అక్వేరియంతో రాజీ పడతారు. మస్కట్‌లో మా ఇంట్లోనూ అంతే. రూపాయి బిళ్లంత ఉన్న నాలుగు ఏంజెల్ ఫిష్‌లను 40 లీటర్ల తొట్టెలో వేశాం. ఆరు నెలలైనా పెద్ద తేడా లేదు. "నాన్నా, ఇవెప్పుడు పెద్దవవుతాయి?" అని పాప రోజూ అడిగేది. నేను మేత పెంచాను. చేయకూడనిది అదే.

భీమవరం వైపు చెరువులున్నవాళ్లకు ఇది కొత్త కాదు. మేత ఎక్కువైతే మిగిలింది అడుగున కుళ్లుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, చేప తిండి తగ్గిస్తుంది. అద్దాల తొట్టె కూడా చిన్న చెరువే. ఫిల్టర్‌లో ఉండే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఇది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌తో చూస్తే మొదటి రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ తగ్గాలంటే మాత్రం నీళ్లు మార్చాల్సిందే.

గల్ఫ్‌లో మనం పొరబడేది ఇక్కడే. ఏసీ గదిలో నీరు త్వరగా ఆవిరవుతుంది. తగ్గినంత నింపి, నీళ్లు మార్చేశామనుకుంటాం. కానీ ఆవిరయ్యేది నీరే. నైట్రేట్, లవణాలు తొట్టెలోనే ఉండి వారం వారం చిక్కబడతాయి. అందుకే వారానికోసారి 30 నుంచి 40 శాతం నీళ్లు తీసేసి కొత్తవి పోయాలి.

మస్కట్ కుళాయి నీళ్లలో ఎక్కువ భాగం బర్కా, ఘుబ్రా వంటి చోట్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి పంపేవే. అందులో క్లోరిన్ ఉంటుంది. అది మొప్పల్ని దెబ్బతీస్తుంది, ఫిల్టర్ బ్యాక్టీరియానూ చంపుతుంది. వాటర్ కండిషనర్ కలిపాకే పోయండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. ఇక వేసవి సంగతి చెప్పాలా? మేడ మీది ట్యాంకు నీళ్లతో మనమే స్నానం చేయలేం. బకెట్లలో పట్టి రాత్రంతా ఏసీ గదిలో ఉంచి వాడండి. ఈ చేపకు 26 నుంచి 28 డిగ్రీలు హాయి.

అమెజాన్ నదీ ప్రాంతపు చేప ఇది. ఒళ్లు 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రెక్కలతో కలిపితే ఎత్తు ఇంకా ఎక్కువ. తొట్టె 45 సెంటీమీటర్ల ఎత్తన్నా ఉండాలి. నాలుగు చేపలకు 200 లీటర్లు మేలు. తొట్టెను బట్టి చేప ఎదుగుతుందని కొందరు అంటారు కానీ, అది ఎదగడం కాదు, గిడసబారడం.

మేత సంగతి సులువే. పిల్ల చేపలకు రోజుకు 3, 4 సార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. రొయ్య పిల్లల హేచరీల్లో వాడే ఆర్టీమియా వీటికీ మంచి మేతే. పెద్ద చేప ఒక్కటే అంతా తినేస్తుంటే రెండు మూలలా వేయండి.

అసలు పరీక్ష జూన్, జూలైలో ఇండియాకు వెళ్లేటప్పుడు. కరెంటు బిల్లు చూసుకుని ఏసీ ఆపేస్తే గది కాలిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఏసీ 27 దగ్గర పెట్టి, ఏరేటర్ ఆన్‌లోనే ఉంచండి. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇవ్వొద్దు. ప్రేమకొద్దీ గుప్పెడు వేసేస్తారు. రోజుకో పొట్లం కట్టి ఇవ్వండి.

మేం పెద్ద తొట్టె కొన్నాక మూడు చేపలు కోలుకుని ఎదిగాయి. నాలుగోది అలాగే ఉండిపోయింది. తొలి నెలల్లో ఆగిన ఎదుగుదల తర్వాత పూర్తిగా రాదు. పాప దానికి బుడ్డోడని పేరు పెట్టి, ఇప్పటికీ మేత ముందు దానికే వేస్తుంది.